మలుపు నేర్చుకోవడానికి రెండు కిలోమీటర్లు చాలు

మా వేలూరు సత్తువాచారి షెడ్డుకు బండి తెచ్చే కుర్రాళ్ళు ముందు చెప్పేది రిపేరు కాదు, స్పీడు. "నూటనలభై తోలినా అన్నా!" అంటారు. నేను బదులు చెప్పకుండా వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చుంటాను. నడిమధ్యన నున్నగా అరిగిపోయి ఉంటుంది. రెండు అంచుల్లో మాత్రం కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు అట్లే నిలబడి ఉంటాయి. "ఒరే, నీ బండి ఇంతవరకూ వంగనే లేదు కదరా" అంటే, "రోడ్డు నేరుగా ఉంటే ఎక్కడ వంచేది?" అంటాడు. వాడన్నదీ నిజమే. బెంగళూరు-చెన్నై హైవే పక్కన పెరిగిన పిల్లవాడికి స్పీడంటే నేరుగా పోవడమే.

ఆ హైవే పట్టుకునే వంద కిలోమీటర్లు పోయి, వాలాజా, కావేరిపాక్కం, శ్రీపెరంబుదూరు దాటితే ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరంటే అందరికీ తెలుసు. అక్కడే రేస్ ట్రాక్ ఉందంటే మావాళ్ళలో సగంమంది నమ్మరు. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుది అది. మునుపు వాళ్ళ రేసులు షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద జరిగేవి. రన్‌వే అంటే విమానం కోసం వేసింది, రేసు కోసం కాదు. మలుపుల కోసమే గీసుకుని కట్టిన ట్రాక్ వాళ్ళకు 1990లో వచ్చింది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. కొండా లేదు, దిగుడూ లేదు, అరచేయి లాంటి నేల. అలాంటి నేల మీద ట్రాక్‌కు గుణం రావాలంటే మలుపుల్లోంచే రావాలి.

ఒక కస్టమర్ బండికి సాయంగా నేను మొదటిసారి అక్కడికి పోయాను. మలుపుల్ని వాళ్ళు సీ వన్, సీ టూ అని నంబర్లతో పిలుస్తారు. స్టార్టింగ్ గీత దాటిన నేరు రోడ్డు చివర, స్పీడు బాగా ఎక్కాక, కుడివైపు తిరుగుతుంది సీ వన్. కంచె దగ్గర నిలబడి నేను బండ్లను చూడలేదు, విన్నాను. మెకానిక్ చెవి కదా. ఒకడి ఇంజను మలుపుకు చాలా ముందే గొంతు తగ్గించేస్తుంది. ఇంకొకడిది ఒక్క క్షణం తటపటాయించి మళ్ళీ అందుకుంటుంది. ఇద్దరు ముగ్గురివి మాత్రం అసలు తెగవు, తీగ లాగినట్టు పోతాయి. ఎవడికి భయమో, ఎవడికి లెక్క తెలుసో కళ్ళు మూసుకుని చెప్పేయొచ్చు. నెమ్మది మలుపుల్లో కథ వేరు. బ్రేకంతా బండి నిలువుగా ఉన్నప్పుడే పట్టేసి, తర్వాత వంచి, లోపలి అంచును కాస్త ఆలస్యంగా తాకినవాడు ముందుగా ఎక్సలేటర్ తిప్పగలుగుతాడు. ఆశపడి ఆఖరిదాకా బ్రేకు పట్టనివాడు బయటి అంచుకు కొట్టుకుపోతాడు. వాడి లోపలినుంచి ఇంకొకడు దూరిపోతాడు.

సాయంత్రం ఆ బండి టైరు విప్పాను. అంచులు చిరిగి, ఉండలు ఉండలుగా రబ్బరు లేచి ఉంది. నడుమ బాగానే ఉంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసు జరిగితే టీవీ ముందునుంచి లేవలేదు నేను. పద్దెనిమిది మలుపులు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు. వెర్న్ అనే డ్రైవర్ గెలిచాడు. ముచ్చటగానే ఉంది. కానీ రేసయ్యాక ఆ మలుపుల్లోకి మళ్ళీ ఆటోలు వచ్చేశాయి. మరుసటి ఏడాది రేసు రద్దయింది. 2024లో చెన్నై కూడా ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు పెట్టింది. వీధి రేసును చూసి ఆనందించవచ్చు, అంతవరకే. ఒకే మలుపుకు నూరుసార్లు వచ్చి, తొంభైసార్లు తప్పు చేసి దిద్దుకోవడానికి ఆ రోడ్డు మరునాడు ఉండదు.

నిలిచి ఉండే ట్రాక్ అంటే కోట్లు పోసిన పెద్ద సర్క్యూటే కానక్కరలేదు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ నాయుళ్ళ కుటుంబంలో పుట్టిన మన తెలుగువాడు కరివర్ధన్, మారుతి 800 ఇంజను పెట్టి ఒంటి సీటు రేసు కారు చేశాడు. విదేశీ కారు కొనలేనివాడికి అదే దారి చూపింది. నారాయణ్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టింది ఆ ఫార్ములా మారుతీలోనే, మన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదే. 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతో 2003లో చెట్టిపాళయంలో తెరిచిన కరి మోటార్ స్పీడ్‌వే పొడవు 2.1 కిలోమీటర్లే.

మన పిల్లలకు అలాంటి చిన్న ట్రాకే కావాలని నేననడానికి డబ్బొక్కటే కారణం కాదు. 2023 ఆగస్టులో ఇరుంగాట్టుకోట్టైలో జాతీయ బైక్ రేసు మొదలైన కాసేపటికే, మొదటి మలుపులోంచి బయటికొస్తూ పదమూడేళ్ళ పిల్లవాడు పడి చనిపోయాడు. ట్రాక్ అంటే పూలపాన్పు అని నేను చెప్పను. నేరు రోడ్డు పొడుగైతే మలుపు దగ్గరికి వచ్చేసరికి స్పీడూ పెరుగుతుంది. ఇంకా గడ్డం రానివాడు ఆ స్పీడుతో ఆ మలుపులోకి పోవడం నాకు ఒప్పుదల కాదు. నేరు రోడ్డు పొట్టిగా, మలుపులు దగ్గరదగ్గరగా ఉన్న చోట పడినా మోచేయి గీసుకుని లేస్తాడు. మళ్ళీ బండెక్కుతాడు.

పెనుకొండ దగ్గర కియా కార్లు, శ్రీసిటీలో ఇసుజు, సత్యవేడు మండలంలో హీరో బండ్లు తయారవుతున్నాయి. ఆ ఫ్యాక్టరీల పక్కన రెండు కిలోమీటర్ల ట్రాక్ వేయండి. మలుపుల బయట ఇసుకా కంకరా పోసి ఖాళీ వదలండి. అంబులెన్సు నిలబెట్టండి. ఆదివారం పూట సొంత బండితో వచ్చేవాడికి సినిమా టిక్కెట్టు ధరకు గంటసేపు ఇవ్వండి. నాకు ఆంధ్రాలో ఓటు లేదు, అయినా అడుగుతున్నాను. సత్యవేడు మాకు రెండు మూడు గంటల దారి. ట్రాక్ తెరిచిన మొదటి ఆదివారం ఆ నూటనలభైవాడి బండిని వ్యానులో ఎక్కించుకుని నేనే వస్తాను.