పొట్టేలిపిల్ల నెంచుకొనుట

ఈ మాసము వంటయింటిని విడిచి దొడ్డిలోని సంగతి వ్రాయుచున్నాము. బడిపంతులుగారి జీతముతో సంసారము నడచు మావంటి యిండ్లలో, పిల్లవాడు తానొక జీవమును పెంచి నాలుగు రూకలు గడించెదనన్నచో వలదనుటకు నోరు రాదు. సూర్యాపేట ప్రాంతమున నిట్టి కోరిక పుట్టుట వింతయు గాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టున రెండేండ్లకొకసారి లింగమంతులస్వామి జాతర జరుగును. అప్పుడు పొట్టేళ్లకు గల గిరాకి మీ రెఱిగినదే.

మా చిన్నవాడు పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు నాలుగేండ్లు దాచి, పోయిన యేడు ఆఱువేల రూపాయలతో నొక వర్తకునియొద్ద పిల్లను గొనెను. మేమును వెంట నుంటిమి. గుంపులో నన్నిటికంటె నదియే బొద్దుగా గానవచ్చెను. కడుపు గుండ్రముగా నున్నది, గదుమ క్రింద నిండుగా నున్నది. "ఇదే బాగున్నదమ్మా" యని వాడనగా, "తీసికొమ్ము నాయనా" యని చెప్పినది మేమే. పదునొకండవనాటి యుదయమున నది లేవలేదు. పశువైద్యులు వచ్చి చూచి, ఆ నిండుదనము క్రొవ్వు గాదనియు, నెత్తురు పలుచనై దవడ క్రిందికి దిగిన నీరనియు, పొట్టలో జేరిన దారమువంటి పురుగులు నెత్తురు ద్రాగుటచే నట్లగుననియు జెప్పిరి. వాడు రెండు దినములు సరిగా నన్నము తినలేదు. మమ్ము నేమియు ననలేదు. అనియుండినచో మాకు గొంత తేలికగా నుండెడిది.

భారతమున సహదేవుడు విరాటుని కొలువున తంత్రీపాలుడను పేర బ్రవేశించి, గోవుల లక్షణములును రోగములును ఎఱుగుదునని చెప్పుకొనెను. ఆ ఘట్టమును చిన్ననాట మా తండ్రిగారియొద్ద నెన్నిమాఱులో చదివితిమి. గొఱ్ఱె కనుఱెప్ప దించి చూడవలయునని మాత్రము ముప్పదియేండ్లు దాటిన పిదప నేర్చితిమి.

రెండవసారి వర్తకుని జోలికి బోక, కోదాడవైపు మా యెఱుకగల యొక గొల్లపెద్ద మందకు బోతిమి. పోయినతోడనే మేము పిల్లలకై వంగగా నాతడు నవ్వి, "పిల్లను జూసుడు తర్వాత పంతులమ్మా, ముందుగాల మందను జూడుండ్రి" అనెను. దూరముగా నిలిచి పావుగంట చూచితిమి. ఆరోగ్యముగల పిల్ల మందతో నడచును, మేయును, పరుండి నెమరువేయును. వెనుకబడునది, తల వ్రాల్చి యొంటిగా నిలుచునది, దగ్గునది, ముక్కున చీమిడి కాఱునది, తోక క్రింద పేడతో దడిసినది యొక్కటి యున్నను ఆ మందలో దేనిని గొనరాదట. పారుడు రోగమువంటి యంటురోగము ఒకదానియందు కనబడునప్పటికి తక్కినవానికి సోకియుండవచ్చును గదా. ఈ సంగతి మాకు ముందెన్నడును దోచలేదు.

మందపై నమ్మకము కుదిరిన పిదప చేతితో జూడవలయును. క్రింది కనుఱెప్పను బొటనవ్రేలితో మెల్లగా దించినచో లోపలిపొర దానిమ్మగింజవలె నెఱ్ఱగా నుండవలెను. తెల్లబాఱినచో నెత్తురు తఱిగినదన్నమాట, పురుగులను శంకింపుడు. దక్షిణాఫ్రికా పశువైద్యులు ఈ రంగునే ఐదు తరగతులుగా విభజించి పటము గీచి రైతుల కిచ్చిరి. నేడది పెక్కు దేశములలో వాడుకలో నున్నది. మా గొల్లపెద్దకు పటము దెలియదు, కన్ను దెలియును.

వెన్నుపై చేయివేసి నిమిరినప్పుడు ఎముకలు గ్రుచ్చుకొనరాదు. పొట్ట యెంత లావుగా నున్నను వీపు చెప్పునదే నిజము. గదుమ క్రింద దాకి చూడుడు; మేము చూడనిది అదియే. నోరు తెఱచినప్పుడు పైదవడకు ముందుపండ్లు లేవని బెదరకుడు, గొఱ్ఱెకు సహజముగానే యుండవు. క్రింది పండ్లన్నియు సన్నని పాలపండ్లైనచో లేతది. నడుమ రెండు వెడల్పుపండ్లు వచ్చినచో ఏడాది దాటినది. దానినే నాలుగు నెలల పిల్లయని చెప్పి యమ్మజూచువారు లేకపోలేదు. కుంటునది, పెదవులు వాచినది, బొడ్డుకడ గడ్డ గలది యెంత చౌకకు వచ్చినను వలదు.

జాతిని గూర్చి మేమంత పట్టింపలేదు. మాంసమునకై పెంచువారు పొడుగుకాళ్ల నెల్లూరు గొఱ్ఱెను గోరుదురు. అందు తెల్లనిది పల్ల. కన్నులచుట్టును మూతిమీదను నల్లమచ్చలు గలది జొడిపి. నల్లని యున్నిగల దక్కనీ గొఱ్ఱె గొంగళ్లకు బ్రసిద్ధము. మచ్చలు ముద్దుగా నున్నవని మావాడు జొడిపినే పట్టుకొనెను.

ఇంటికి దెచ్చిన పిల్లను మా రెండు మేకలతో గలుపక 21 దినములు వేఱుగా గట్టితిమి. నీళ్లతొట్టియు వేఱే. ప్రయాణపు బడలికతో లోనిరోగము పైకి వచ్చుటకు ఆ గడువు కావలయును. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ నారంభించి, 18 ఏండ్లు నిండిన గొఱ్ఱెలకాపరుల సంఘసభ్యులకు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును 1,25,000 రూపాయల వెలకు, నూటికి 75 వంతులు తాను భరించి యిచ్చినప్పుడు, పెక్కు మందలు పొరుగు రాష్ట్రములనుండి లారీలమీద వచ్చినవి. అంత దూరము వచ్చిన జీవమునకు ఈ మూడు వారముల యెడము మఱింత యవసరము. ఆ గడువులోనే పశువైద్యునికి జూపి పురుగులమందును, పారుడు రోగపు టీకాయు వేయించితిమి. చిటుకు రోగపు టీకా వానలకు ముందే పడవలయును.

మిర్యాలగూడ సోదరీమణులకు వేఱుగా నొకమాట. మీ యూర బియ్యపుమిల్లు లెక్కువ. నూకలకు కొదవ లేదు. పిల్లలు ప్రేమకొలది ఒక్కపూటలో గంపెడు నూకలో, మిగిలిన యన్నమో పెట్టుదురు. అలవాటులేని గొఱ్ఱె పొట్టలో నది పులిసి, కడుపుబ్బి, తెల్లవాఱునప్పటికి ప్రాణము దీయవచ్చును. గుప్పెడుతో నారంభించి, రెండు వారములలో గొంచెము గొంచెముగా బెంచుడు. ముందు గడ్డి, పిదపనే గింజ.

మా జొడిపి యిప్పుడు రెండుపండ్లు వేసినది. మావాడు వారమునకొకసారి దానిని తూచి నోటుబుక్కులో వ్రాసికొనుచుండెను. కడపటి లెక్క 34 కిలోలు. జాతర మాట యింటిలో వచ్చినది మొదలు ఆ పుస్తకము తెఱచుట మానినాడు.