ఊరుమ్మడి ఇన్వర్టర్ ఏ వీధికి?

ఈసారి కరెంటు గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునే మేడమ్‌కి బ్యాటరీలతో ఏం పని అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

మొన్న ఎండాకాలం ఒక సదస్సు కోసం ఢిల్లీ వెళ్లి, అక్కడ పీజీ చేస్తున్న నా పాత విద్యార్థిని గదిలో రెండు రాత్రులున్నాను. ఇరుకు సందు, నాలుగో అంతస్తు, పైన రేకులు. రాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. రోడ్డుకి అవతల, గేటు ఉన్న కాలనీలో రెండు నిమిషాల్లో జనరేటర్ మోగింది. మా సందులో జనం చాపలు పట్టుకుని మెట్ల మీదికొచ్చారు. "రోజూ ఇదేనా?" అంటే "ఎండ ముదిరితే ఇంతే మేడమ్, ట్రాన్స్‌ఫార్మర్ మోయలేకపోతోందంట" అంది. నాకో తడి తువ్వాలు ఇచ్చి, తను సెల్‌ఫోన్ లైటులో పుస్తకం తీసింది. తెల్లారితే పరీక్ష.

నాకు మా పేట గుర్తొచ్చింది. కరెంటు లైను ఊరంతా తిరిగి చివరికి మా పేటకొచ్చేది. వచ్చేసరికి వోల్టేజీ చచ్చిపోయి బల్బు బీడీ నిప్పులా ఎర్రగా ఉండేది. ఊళ్లోవాళ్లు కబురు పెడితే గంటలో వచ్చే లైన్‌మన్, మావాళ్లు వెళ్లి పిలిస్తే "రేపు చూద్దాం" అనేవాడు. కాలవ నీళ్లూ అంతే. మావాళ్లకున్న కాసిని చెక్కలు ఆయకట్టు చివరే.

2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ డిమాండ్ 8,656 మెగావాట్లు తాకింది. వేసవిలో అక్కడ వాడకం రెండుసార్లు ఎగబాకుతుంది, మధ్యాహ్నం మూడింటి వేళ ఒకసారి, అర్ధరాత్రి ముందు ఇంకోసారి. మధ్యాహ్నం సోలార్ కరెంటు ఉంటుంది, రాత్రికి ఉండదు. పగటి మిగులు దాచి రాత్రికి వదిలేది కావాలి. వాన నీళ్లు చెరువులో ఆపి తూము తెరవడం లాంటిదే, తూములు తెరిచేది మాత్రం కంప్యూటర్. ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరులో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతా చీకటైపోయాక, మరుసటి ఏడాది డిసెంబరు 1 నాటికి హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టేశారు. ఢిల్లీలో రోహిణిలో 2019లో 10 మెగావాట్లది వచ్చింది. 2025లో దక్షిణ ఢిల్లీ కిలోకరి సబ్‌స్టేషన్ దగ్గర 20 మెగావాట్లది మొదలైంది. అందులో 40 మెగావాట్ అవర్లు పడతాయి, అంటే పూర్తి జోరుతో వదిలితే రెండు గంటలు. 12,000 మందికి పైగా తక్కువ ఆదాయం ఉన్న వినియోగదారులకు దీనివల్ల మేలని చెప్పారు. ఆ మాట పైకి చెప్పడమే నాకు నచ్చింది. నగరం మొత్తం డిమాండ్‌లో ఈ 20 మెగావాట్లు పావు శాతం కూడా కాదనేది వేరే సంగతి.

మన మిత్రుల్లో కొందరు ఇదంతా కార్పొరేట్ల ఆట అని పక్కకి నెట్టేస్తారు. నేనొప్పుకోను. బ్యాటరీ కొత్తదేం కాదు, డబ్బున్న ఇంట్లో ఎప్పుడో ఉంది. దాని పేరు ఇన్వర్టర్. కొనుక్కోగలిగినవాడికి కరెంటు కోతే తెలియదు, కాబట్టి కోత గురించి అడగడు. అడిగే నోరున్నవాళ్లంతా ఇలా తప్పుకున్నాక మిగిలింది మన సందు. సబ్‌స్టేషన్ దగ్గర పెట్టే బ్యాటరీ ఊరుమ్మడి ఇన్వర్టర్. అది మనకే ఎక్కువ అవసరం.

కాకపోతే ఊరుమ్మడి అన్న మాట వినగానే మనవాళ్లకి ఒళ్లు జలదరించాలి. 1927లో మహద్‌లో చెరువు ఊరుమ్మడిదే. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. కరెంటుకి అంటు లేదంటారు. ఫీడర్‌కి ఉంటుంది. ఏ ఫీడర్ ముందు ఆపాలి, ఏది ఆపకూడదు అని ఎక్కడో ఒక వరస ఉంటుంది. ఆసుపత్రి ఉన్న ఫీడర్‌ని ఆపొద్దు, సరే. మంత్రి ఇల్లున్నదాన్ని? లెక్కల్లో ఇది కనపడదు. కరెంటు ఎంతసేపు పోయిందో సగటు చెబుతారు. కాలనీలో సున్నా నిమిషాలు, సందులో రెండు గంటలు, కలిపి సగటు తీస్తే అందరూ బాగానే ఉన్నట్టు. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనూ ఈ సగటు సూచికలే ఉన్నాయి. ఫీడర్‌వారీ లెక్క బయటపెట్టమని అడగాలి. బ్యాటరీ పెట్టేముందే అడగాలి.

అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో లేబర్ మెంబర్. విద్యుత్ విధానం ఆయన చేతిలో ఉండేది. కరెంటు ఉంటే చాలదు, చవకగా ఉండాలి, పుష్కలంగా ఉండాలి, పేదరికం నుంచి బయటపడటానికి పరిశ్రమలు కావాలంటే అదే దారి అని 1943 అక్టోబరులోనే వాదించాడు. అది ప్రైవేటువాళ్లకి వదలాలా, ప్రభుత్వం నడపాలా అన్న ప్రశ్న కూడా అక్కడే లేవనెత్తాడు. మనం జయంతికి దండ వేస్తాం, ఈ ప్రసంగం మాత్రం చదవం.

బ్యాటరీతో అన్నీ తీరవని కూడా చెప్పాలి. సందులో తీగ తెగితే, వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే, సబ్‌స్టేషన్ దగ్గరున్న బ్యాటరీ ఏం చేయలేదు. పైన లైను పోయినప్పుడు చుట్టుపక్కలకి విడిగా కరెంటివ్వాలంటే ఆ ఏర్పాటు ముందే ఉండాలి. ఇంకొకటి, సెల్స్ అరిగిపోయాక వాటిని విప్పేదెవరు? పాత ఇన్వర్టర్ బ్యాటరీల సీసం కరిగించే చేతులు ఎవరివో మనకి తెలుసు. లిథియం వంతు వచ్చినప్పుడు గ్లౌజులు, జీతం, ఆసుపత్రి ఖర్చు టెండర్ కాగితంలోనే రాయించాలి.

ఆ పిల్ల పరీక్ష పాసైంది. మొన్న ఫోన్ చేసి గది మారానంది. అద్దె వెయ్యి ఎక్కువట. "ఎందుకే?" అంటే, "ఇక్కడ ఇన్వర్టర్ ఉంది మేడమ్" అంది.

జై భీమ్.