గాలి యున్నది, ప్రాణవాయువు లేదు

శాస్త్రపదమునకు తెలుగు మాట కూర్చునపుడు అర్థము కుదిరినంత మాత్రమున చాలదు. ఆ మాటను నమ్మి అడుగు వేయువాని క్షేమమును గూడ తలపవలెను.

1861లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ప్రాణవాయువు లేకయే జీవించు సూక్ష్మజీవులను కనుగొనెను. పిమ్మట అట్టి జీవులకు ఆయన ఏర్పరచిన పేరునకు గ్రీకు మూలమును బట్టి 'గాలి లేక బ్రదుకునవి' యని అర్థము. మన పాఠ్యగ్రంథములు దీనిని 'అవాయు' అని తెనిగించినవి. శ్వాసక్రియను గూర్చిన పాఠమున ఈ మాటవలన చిక్కు లేదు. చిక్కు బడి వెలుపల నున్నది. లోపించినది గాలి కాదు. గాలిలో నూటికి సుమారు 21 పాళ్లుండు ప్రాణవాయువు మాత్రమే. తక్కిన నత్రజని అచ్చటనే యుండును.

పాడుబావిలోనికో, సెప్టిక్ ట్యాంకులోనికో దిగువాడు 'గాలి యున్నది గదా' యనియే దిగును. ఊపిరాడని బాధను ప్రధానముగా రేపునది దేహమున పేరుకొను బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు తరుగుటను దేహము అంత వెంటనే పసిగట్టలేదు. ఆ వాయువు 6 పాళ్లకు దిగినచోట స్పృహ నిమిషమైనను నిలువదు. కేక వేయుటకును వ్యవధి యుండదు. పడినవానిని కాపాడబోయి రెండవవాడు, వాని వెనుక మూడవవాడు బలియగుట మనము పదేపదే వినుచున్న వార్తయే.

మన పెద్దలు బావిలోనికి ముందుగా దీపము దింపి చూచెడివారు. గాలి వేరు, ప్రాణవాయువు వేరు అను వివేకము అందు గలదు. కాని ఆ దీపము విషవాయువును చూపజాలదు. మురుగులో పుట్టు మీథేను దానివలన భగ్గుమనవచ్చును. నేడు ఆ పనికి కొలత పరికరములు గలవు. రక్షణ సాధనములు లేక మనుష్యులను మురుగులోనికి దింపరాదని 2013 నాటి చట్టము శాసించుచున్నది. అయినను చావులు ఆగలేదు.

కావున మా సూచన యిది. పాఠములో 'అవాయు' ఉండనిండు. ప్రాణముతో పొత్తు గల తావులందు మాత్రము, ఆ వాయువు బొత్తిగా లేనిచోటు 'ప్రాణవాయు రహితము', చాలనిచోటు 'ప్రాణవాయు లోపము' అని విడివిడిగా చెప్పుదము. లోపమనగా స్వల్పమని భ్రమపడరాదనియు తెలుపుదము. మాట ఒక్కటే మనిషిని కాపాడదు. కాని దిగకముందు వానిని ఒక్క క్షణము నిలుపగలదు. పరికరమును తెప్పించుటకు ఆ క్షణమే కావలసినది.