డొమైన్ల స్వాధీనం: మా మాటా వినండి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

2014 జూన్ 30న మైక్రోసాఫ్ట్, మాల్వేర్‌ను అరికడతామంటూ అమెరికాలోని నెవాడా కోర్టు ఉత్తర్వుతో ఇంటర్నెట్ చిరునామాలు సమకూర్చే నో-ఐపీ సంస్థ డొమైన్లను స్వాధీనం చేసుకుంది. అవతలివాళ్ల వాదన వినకుండానే ఇచ్చిన ఉత్తర్వది. ఏ పాపం ఎరగని లక్షలాది మంది సేవలు ఆగిపోయాయి.

ఆ బాధ మా కోనసీమకు తెలుసు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత ఇక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పరుగెత్తారు. నిప్పు పెట్టింది కొందరు, నష్టపోయింది అందరూ. అయినా అది ప్రభుత్వ నిర్ణయం, నిలదీయొచ్చు. అదే అధికారం కంపెనీ చేతికొస్తే, వెబ్‌సైట్ ఆగిపోయిన రాజోలు కొబ్బరి వ్యాపారి ఎవరినడగాలి?

ముందే నోటీసిస్తే దొంగలు జారుకుంటారంటారా? సరే, స్వాధీనమైన 24 గంటల్లో యజమాని వాదన వినాలని, పొరపాటైతే కంపెనీయే పరిహారం కట్టాలని చట్టంలో రాయండి.

ఇట్లు,
అమలాపురం పౌరుడు