గుర్తింపు కార్డు దాటని భద్రత

పోలీసులూ స్థానికులూ కలిసి యువతను కాచుకోవాలన్న మాటతో ఎవరికీ పేచీ ఉండదు గానీ, ఆ స్థానికులు ఎవరన్న ప్రశ్నకు హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లో దొరికే జవాబు మిగతా ఊళ్ళలోలా ఉండదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలకు ఉద్యోగం కోసం తరలివచ్చిన యువతలో అనేకులు ఇతర జిల్లాలకు, ఇతర రాష్ట్రాలకు చెందినవారు కావడంతో, రాత్రి ఆలస్యమైతే ఆరా తీసే ఇరుగుపొరుగు గానీ, ఆపదలో పిలవగానే వచ్చే పెద్దదిక్కు గానీ వారికి ఇక్కడ లేదు.

ఆ పెద్దరికాన్ని కొంతవరకు కంపెనీలే వహించాయి. సైబరాబాద్ పోలీసులూ ఐటీ సంస్థలూ కలిసి 2006లో నెలకొల్పిన సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్‌కు పోలీస్ కమిషనరే అధ్యక్షుడు. మహిళల కోసం ఉచితంగా నడిపిన షీ షటిల్ బస్సులు దాని ద్వారా వచ్చినవే. అంతకంటే లోతైన ఆలోచన మార్గదర్శక్: స్టేషన్ గడప తొక్కడానికి జంకే ఉద్యోగినికి తన కార్యాలయంలోనే మొదటి ఆసరా దొరికేలా, ఆమె తోటి ఉద్యోగినులలో కొందరికి పోలీసులతో శిక్షణ ఇప్పించే పద్ధతి ఇది.

2013 అక్టోబరులో మాదాపూర్ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబ్‌లో అపహరణకూ అత్యాచారానికీ గురైన ఉదంతం ఈ ప్రాంతపు ధీమాను కుదిపివేసింది. తెలంగాణ ఏర్పడిన తరువాత, 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలై ఆపై సైబరాబాద్‌కూ విస్తరించిన షీ టీమ్స్, అంటే మఫ్టీలో బస్టాపుల వద్దా కళాశాలల వద్దా నిఘా వేసి వేధించేవారిని ఆధారాలతో పట్టుకునే పోలీసు బృందాలు, మరొక సంగతిని బయటపెట్టాయి: పట్టుబడేవారిలో మైనర్లూ ఉన్నారు. వారిని తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చే పద్ధతిని మెతకదనమని ఈసడించేవారున్నారు గానీ, ఆ కుర్రవాడూ కాపాడుకోవలసిన యువతలో ఒకడే గనుక, చిన్న నేరాల విషయంలో అది సరైన పద్ధతే.

ఈ ఏర్పాట్లన్నీ ఉండగానే 2019 నవంబరు 27 రాత్రి, అప్పట్లో ఇదే సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలో ఉన్న శంషాబాద్ వద్ద, దిశ అని వ్యవహరించబడిన యువ పశువైద్యురాలు హత్యాచారానికి బలైంది. ఆమె కోసం ఆ రాత్రే స్టేషన్‌కు వెళ్ళిన కుటుంబానికి పరిధి గురించిన ప్రశ్నలు ఎదురయ్యాయి. అలా జరిగిన జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఘటనా స్థలం ఎవరి పరిధిలో ఉన్నా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ పద్ధతి అప్పటికే ఉన్నదే. పది రోజులు తిరగకుండానే నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతో జరిపినవేనని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెల్లడించేసరికి ఆ పూలు ఎవరికీ గుర్తు లేవు. సమాజ భాగస్వామ్యమంటే ఆ పూలజల్లు కాదు. తొలి గంటలో ఫిర్యాదు నమోదయ్యేలా పట్టుబట్టగల బలం అది.

ఆ బలం నేడు మెడలో గుర్తింపు కార్డు ఉన్నవారికే కొంతైనా అందుబాటులో ఉంది. కౌన్సిల్ పునాది సంస్థల సభ్యత్వం కాబట్టి, మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళలో ఉంటూ కోచింగ్‌కు వెళ్ళే నిరుద్యోగికీ, అర్ధరాత్రి పార్శిల్ తెచ్చే డెలివరీ కుర్రవాడికీ, అద్దాల మేడలను తుడిచే కాంట్రాక్టు కార్మికురాలికీ అందులో నేరుగా గొంతు లేదు. హాస్టళ్ళ భద్రత గురించి పోలీసులు మాట్లాడేదీ ఎక్కువగా యజమానులతోనే. విషయం కెమెరాలూ రిజిస్టర్లూ దాటడం అరుదు. నెలనెలా అద్దె కట్టి ఆ గదుల్లో ఉండేవారిని, మార్గదర్శక్ తరహాలో, హాస్టల్‌కు ఇద్దరి చొప్పున ఎంచి శిక్షణ ఇస్తే కొత్త చట్టమేదీ అక్కరలేదు. కౌన్సిల్‌కు అధ్యక్షుడు కమిషనరే అయినందున, ఈ ప్రతిపాదనను రాబోయే సమావేశంలోనే ఆయన ముందుంచవచ్చు.