టైమరుకు వాన తెలియదు

బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని ఒకటుంటుంది. ఖాతాదారు ఒకసారి సంతకం చేసి ఇస్తే నెలనెలా ఫలానా తేదీన ఫలానా మొత్తం దానంతటదే చెల్లిపోతుంది. అవసరం తీరిపోయినా, ఆయన వచ్చి ఆపమనేవరకు ఆగదు. అపార్టుమెంట్లలో పచ్చికకు నీళ్లు పెట్టే టైమర్లు కూడా ఇలాంటివే. మార్చి ఎండలకు బెదిరి రోజూ ఇరవై నిమిషాలని పెడతాం. ఆగస్టులో జోరున వాన కురుస్తున్నా స్ప్రింక్లర్లు చిమ్ముతూనే ఉంటాయి. పూర్వం తోటమాలి ఆకాశం చూసి గొట్టం చుట్టి పెట్టేవాడు. టైమరు గడియారాన్నే చూస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. బెంగళూరుకు కావేరి నీరు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుంటూ రావాలి. 2024 మార్చిలో అక్కడి నీటి సరఫరా మండలి తోటలకు తాగునీరు వాడరాదనీ, వాడితే 5,000 రూపాయల జరిమానా అనీ ఆదేశించింది. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తెచ్చారు. మన పచ్చిక మీద వృథా అయ్యేది ఇంకో ఇంటి బిందెలోకి రావలసిన నీరే.

లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల పచ్చికకు 5 మిల్లీమీటర్లంటే 500 లీటర్లు. మండువేసవిలో పచ్చిక రోజుకు సుమారు 5, 6 మిల్లీమీటర్లు ఖర్చు చేస్తుంది. మబ్బు పట్టిన వానాకాలంలో 3, 4 చాలు. ఎండ, గాలి ఖర్చు పద్దు. వాన జమ పద్దు. రాత్రి 15 మిల్లీమీటర్లు కురిస్తే, వేసవిలోనైనా రెండు మూడు రోజులు టైమరు ఆపవచ్చు. అయితే 60 మిల్లీమీటర్లు పడిందని పన్నెండు రోజులు ఆపకూడదు. వేళ్లకు అందని లోతుకు దిగిపోయినది మన ఖాతాలో జమ కాదు.

మీ స్ప్రింక్లరు ఎంత పోస్తుందో తెలియాలంటే, నిలువు గోడలున్న ఖాళీ డబ్బాలు నాలుగైదు పచ్చిక మీద అక్కడక్కడా పెట్టి పావుగంట నడపండి. నీటి లోతును స్కేలుతో కొలిచి సగటు కట్టండి. అవే డబ్బాలు ఆరుబయట ఉంచితే వానను కూడా కొలుస్తాయి. కొన్ని టైమర్లకు రెయిన్ సెన్సరు తగిలించవచ్చు. తడికి లోపలి బిళ్లలు ఉబ్బి వాల్వుకు పోయే కరెంటును ఆపుతాయి, ఆరగానే మళ్లీ కలుపుతాయి. దాన్ని చూరు కింద కాక, వాన నేరుగా పడేచోట బిగించాలి. నీళ్లు పెట్టడానికి తెల్లవారుజాము మంచిది. ఎండా గాలీ తక్కువ కనుక ఆవిరయ్యేది తక్కువ.

మనమేమో తలా ఒక రాష్ట్రంలో ఉన్నాం. ముంబయిలో, బరంపురంలో మృగశిర కార్తెతో వానలకు ఎదురుచూస్తాం. చెన్నైలో అసలు వానలు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలవి. బెంగళూరులో మే నెలలో కొంత, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. అందుచేత హైదరాబాదు బంధువులు చెప్పిన నిమిషాలు మనకు పనికిరావు.

టైమరును ఎప్పుడు సరిచూడాలంటారా? మన పెద్దలు దానికి చక్కని క్యాలెండరే ఇచ్చారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. పంచాంగంలో కార్తె మారినప్పుడల్లా డబ్బాల్లోని లెక్క చూసి నిమిషాలు మార్చండి. ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. నీళ్లు మిగులుతాయి, కార్తెల పేర్లూ వాళ్ల నోటికి వస్తాయి.