మెష్‌ని తిట్టే ముందు

వైర్‌లెస్ ఛార్జర్ మినీ ప్రాజెక్ట్ కోసం నేను (సూర్యాపేట), నా రూమ్మేట్ (కోదాడ) ఫెమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కాయిల్ గీశాం. వ్యాసార్థం 1 సెం.మీ., పొడవు 5 సెం.మీ., 50 చుట్లు, లోపల గాలే. వచ్చిన ఇండక్టెన్స్ 7 నానోహెన్రీల లోపు. మరీ ఇంత తక్కువా? మెష్ సన్నగా చేశాం. బౌండరీ దూరం జరిపాం. రాత్రి రెండైంది, విలువ మాత్రం దాదాపు కదల్లేదు. అక్కడే అర్థం కావాల్సింది: మెష్ మార్చినా జవాబు మారట్లేదంటే తప్పు మెష్‌ది కాదు.

రూమ్మేట్ వాళ్ల బాబాయ్‌కి మిర్యాలగూడలో మోటార్ వైండింగ్ షాపు. రైస్ మిల్లుల మోటార్లే ఎక్కువ వస్తాయి. ల్యాప్‌టాప్ చూపిస్తే ఆయన అడిగింది ఒక్కటే: "టర్న్స్ ఎన్ని పెట్టిన్రు?"

నోట్‌బుక్‌లో 50 ఉంది. సాఫ్ట్‌వేర్ గడిలో డిఫాల్ట్ 1 అలాగే ఉంది! ఇండక్టెన్స్ చుట్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి తేడా 2500 రెట్లు. సరిచేస్తే 17 మైక్రోహెన్రీల దగ్గరికొచ్చింది. 1928 నాటి వీలర్ సూత్రంతో చేత్తో లెక్కేసినా 16.7 వస్తుంది. రెండు నిమిషాల పని.

కాలిన మోటార్ వస్తే బాబాయ్ ముందు పాత చుట్లు లెక్కపెట్టి రాసుకుంటాడు. లెక్క తప్పితే మోటార్ మళ్లీ కాలుతుంది, ఖర్చు ఆయనదే. మనకేమో మళ్లీ రన్ కొడితే సరి. ల్యాబ్ రికార్డులో కూడా రంగుల ప్లాట్ ఉంటే మార్కులు పడతాయి (మా తప్పు ప్లాట్ కూడా భలే అందంగా ఉంది లెండి). నన్నడిగితే, రన్ కొట్టకముందే చేతి అంచనా ఒక్క లైన్ రికార్డులో రాయించాలి. అది లేకపోతే ప్లాట్‌కి మార్కులు వద్దు.